ఇంకా ఆరు పేర్లు

సరోజిని చేతులకున్న రబ్బరు తొడుగులు ఒక పట్టాన ఊడి రాలేదు. పొద్దున ఆరింటి నుంచీ ఐసు నీళ్లలో నానిన వేళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పక్కన నిలబడ్డ సూపర్‌వైజరు "కానీ, కానీ" అంటున్నాడు. ఆమె పళ్లతో కొస పట్టి లాగింది. ఊడిన తొడుగుల్ని బల్ల మీద పెట్టింది. వాటి మీద టోపీ పెట్టింది. ఆపైన యాప్రాన్ నాలుగు మడతలు వేసి పెట్టింది. పదకొండేళ్లుగా ఆ షెడ్డులో రొయ్యలు వలిచిన మనిషి, ఇంట్లో బట్టలు మడిచినంత శ్రద్ధగా మడిచింది.

"మూడు రోజులుగా ఆఖరు పేరు నీదే సరోజినీ. నేనేం చెయ్యను చెప్పు. బోర్డు చెప్తోంది," అన్నాడు లేబరు కాంట్రాక్టరు నాంచారయ్య. గొంతు మెత్తగా ఉంది. ఆయనెప్పుడూ మెత్తగానే మాట్లాడతాడు.

గోడకున్న తెల్ల బోర్డు మీద నిన్నటి ర్యాంకులున్నాయి. ఎవరు ఎన్ని కిలోలు వలిచారో ఆ వరసలో యాభై మూడు పేర్లు. అందరికన్నా కింద సరోజిని. అందరికన్నా పైన కృపాకుమారి.

ఆ పైనున్న పేరు గల పిల్ల మూడో బల్ల దగ్గర, చేతిలో సగం వలిచిన రొయ్యతో, ఇదంతా చూస్తూ నిలబడి ఉంది.

సరోజిని వెళ్తూ వెళ్తూ ఆ బల్ల దగ్గర ఆగింది.

"ముల్లు గుచ్చుకోకుండా తల ఎలా విరవాలో నీకు నేర్పింది నేనే కదే అమ్మాయ్," అంది. ఆ మాటలో కోపం లేదు. "బాగా నేర్చుకున్నావు."

దానికన్నా రెండు దెబ్బలు వేసి వెళ్లినా బాగుండేదనిపించింది కృపకి. ఆ నెలలో అలా పని పోయి యాప్రాన్ మడిచి వెళ్లిన ఆరో మనిషి సరోజిని. ముందు వెళ్లిన అయిదుగురి పేర్లు కృపకి తెలియను కూడా తెలియదు.

బందరు నుంచి పామర్రు వెళ్లే రోడ్డు పక్కన ఉంటుంది ఆ షెడ్డు. చెరువుల్లో పట్టిన రొయ్యలు లారీల్లో ఐసు కింద వస్తాయి. తల విరిచి, పొట్టు వలిచి, వీపు మీది నరం తీస్తే, పెట్టెల్లోకెక్కి సముద్రాలు దాటి వెళ్తాయి. ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలు రాగానే నాంచారయ్య వ్యాను దివిసీమ ఊళ్లన్నీ తిరుగుతుంది. గుడివాడ వైపు ఇంకో వ్యాను. కాలేజీలు తెరిచేలోగా హాస్టలు ఖర్చులకి నాలుగు రాళ్లు వెనకేసుకుందామనుకునే పిల్లలు ఎక్కుతారు. ఈ ఏడు ముప్పై నాలుగు మంది ఎక్కారు. షెడ్డులో పాత ఆడవాళ్లు వీళ్లని "సెలవుల పిల్లలు" అంటారు.

కృప తండ్రి దేవసహాయం రైసు మిల్లులో బస్తాలు మోస్తాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి కృపే. ఏప్రిల్లో నాంచారయ్య వాళ్లింటికొచ్చి, నులక మంచం మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగాడు.

"మీ పిల్లంటే మా పిల్లేనయ్యా. పద్దెనిమిది నిండినట్టు రుజువుండాలి, బయటి దేశపు వాళ్లు ఒప్పుకోరు. ఒరిజినల్స్ ఇవ్వండి, నా ఇనప బీరువాలో ఉంటాయి. తుపానొస్తే మీ ఇంట్లో ఏ కాయితం మిగుల్తుంది?"

ఆ మాట నిజమే. కిందటి గాలివానకి కప్పు రేకు లేచిపోయి కుల ధ్రువీకరణ పత్రం ముద్దయింది. మళ్లీ తెచ్చుకోవడానికి దేవసహాయం ఆఫీసుల చుట్టూ మూడు నెలలు తిరిగాడు. అందుకే పదో తరగతి మెమో, ఇంటరు మెమో, టీసీ అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. పైగా దండం పెట్టాడు. దివిసీమలో చాలా ఇళ్లలో అలాగే ఇచ్చారు. నీళ్లకి భయపడే మనుషులు కాయితాల్ని మెట్టనున్న బీరువాకి అప్పజెప్పారు. ఆ బీరువా తాళం ఎవరి మొలలో ఉందో చూసుకోలేదు.

ఇప్పుడు కృపకి యూనివర్సిటీలో సీటొచ్చింది. వచ్చే సోమవారం సాయంత్రం అయిదింటిలోగా ఒరిజినల్స్‌తో హాజరు కావాలి. లేకపోతే సీటు ఇంకొకరికి వెళ్తుంది.

బోర్డు మే నెలలో వచ్చింది. అంతకుముందు ఒక షిఫ్టుకి మనిషి ముప్పై కిలోలు వలిస్తే చాలు. బోర్డు పెట్టి, మొదటి ర్యాంకు వాళ్ల ఫొటో వాట్సాప్ గ్రూపులో పెడతామన్నారు, అంతే. రెండేళ్లు కాలేజీలో ర్యాంకుల గోడ కింద బతికిన పిల్లలు. బోర్డు కనబడగానే వేళ్లు వాటంతటవే పరిగెత్తాయి. నెల తిరిగేసరికి ముప్పై కాస్తా నలభై రెండయింది. అది ర్యాంకు వాళ్లకే కాదు, అందరికీ లెక్కయింది. కొట్టి చేయించలేదు, తిట్టి చేయించలేదు. పిల్లలే పందెం వేసుకుని చేశారు.

మర్నాడు గురువారం, అన్నాల వేళ, షెడ్డు వెనక రేకుల పంచలో కృప లేచి నిలబడింది.

"మనం ఆపాలి," అంది.

"టాపర్‌కి వైరాగ్యం వచ్చిందిరోయ్," అన్నాడు ధీరజ్. గుడివాడ కుర్రాడు. బోర్డు మీద రెండో పేరు అతనిదే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "ఫస్టు నువ్వొచ్చి ఇప్పుడు మమ్మల్ని ఆపమంటావా?"

"ఫస్టొచ్చాను కాబట్టే చెప్తున్నా. నా పేరు పైకి ఎక్కిన కొద్దీ ఆవిడ పేరు కిందకి దిగింది."

"అయితే? ఇంకో ఇరవై రోజులు. తర్వాత మనమెవరో, వీళ్లెవరో."

అవతల స్తంభం దగ్గర కూర్చున్న పాత ఆడవాళ్లలో ఒకావిడ తలెత్తకుండానే అంది:

"నిజమే బాబూ. నువ్వు ఇంజనీరింగుకెళ్తావు. మేం ఇంటికెళ్తాం. నువ్వొదిలేసిన నలభై రెండు కిలోలు మాత్రం ఇక్కడే ఉంటాయి."

ధీరజ్ నోటి దగ్గరి ముద్ద అక్కడే ఆగింది.

"బోర్డన్నాక ఎవరో ఒకరు ఆఖరుండాలి కదండీ," అన్నాడు చివరికి. ఈసారి "అండీ" అన్నాడు.

"అందరిదీ ఒకటే అయితే?" అంది సుస్మిత. పామిడిముక్కల పిల్ల, మాట తక్కువ. "పరీక్ష హాల్లో చీటీలు అందించుకోలేదూ? రొయ్యలందించలేమా?"

పిల్లలూ పాత ఆడవాళ్లూ కలిసి నవ్వడం ఆ షెడ్డులో అదే మొదటిసారి.

శుక్రవారం అలాగే జరిగింది. చేతి వేగం ఉన్నవాళ్లు తమ ముప్పై అవగానే బల్ల కింద నుంచి దోసిళ్లతో పక్క బేసిన్లలోకి అందించారు. అరవై ఏళ్ల ముసలమ్మ బేసినూ నిండింది, కృప బేసినూ నిండింది. ఎవరూ తొందరపడలేదు. మధ్యాహ్నం తూకం వేసి సూపర్‌వైజరు బోర్డు మీద రాసుకుంటూ వచ్చాడు. సగంలో ఆగాడు. కాటాని తట్టి చూసి, మళ్లీ తూచాడు. యాభై రెండు పేర్లు, యాభై రెండు ముప్పైలు. ఎవరిని పైన రాయాలో, ఎవరిని కింద రాయాలో తెలియక మార్కరు పట్టుకుని నిలబడిపోయాడు.

సాయంత్రం నాంచారయ్య కృపని ఆఫీసు గదిలోకి పిలిచాడు. బల్ల మీద నీలం ఫైలుంది. పైన ఆమె మెమోనే ఉంది. ప్లాస్టిక్ కవర్లోంచి తండ్రి పేరు కనబడుతోంది.

"కూర్చో తల్లీ. మీ నాన్న ఫోన్ చేశాడు. సోమవారమటగా. చాలా సంతోషం. రేపు రెండు లారీలొస్తున్నాయి. నీ నలభై రెండు నువ్వు చేసేయ్. నిన్ను చూసి మిగతావాళ్లు వాళ్లే చేస్తారు. సాయంత్రం వ్యానెక్కే ముందు ఇవి నీ చేతిలో పెడతాను."

"మిగతావాళ్లవండీ?"

"సీజనయ్యాక. భయమెందుకు, భద్రంగానే ఉన్నాయిగా."

"నేను చెయ్యకపోతేనండీ?"

నాంచారయ్య ఫైలు మూసి బీరువాలో పెట్టాడు. తాళం తిప్పిన చప్పుడే ఆయన సమాధానం.

ఇంటికెళ్లి తండ్రితో అంతా చెప్పింది. దేవసహాయం గుమ్మంలో కూర్చుని విన్నాడు. "ఒక్కరోజే కదమ్మా, చేసేసి తెచ్చేసుకో" అంటాడనుకుంది. అలా అనాలని కూడా లోపల ఎక్కడో కోరుకుంది. అన్నాక ఇక తన తప్పుండదు కదా.

ఆయన అరిచేతులు చూసుకున్నాడు.

"ఆ కాయితాలు ఇచ్చింది నేనేనమ్మా. నా బుద్ధి గడ్డి తింది," అన్నాడు. తర్వాత, "మిల్లులో ఇద్దరం పట్టి బస్తా లేపుతాం. మధ్యలో ఒకడొదిలేస్తే వాడికేం కాదు. రెండోవాడి నడుం పోతుంది. నేను చూశాను," అన్నాడు.

శనివారం పొద్దున రెండు లారీలు గేటు లోపల నిలిచాయి. ఎండ ఆరింటికే చుర్రుమంటోంది. మొదటి తొట్టెలు బల్లల మీద కుమ్మరించారు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. అందరి కళ్లూ మూడో బల్ల మీదే. ఆఫీసు గది సంగతి రాత్రికి రాత్రే అన్ని ఊళ్లకీ తెలిసిపోయింది. తలుపు దగ్గర నాంచారయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కృప ఒక రొయ్య తీసుకుంది. సరోజిని నేర్పినట్టు ముల్లు తప్పించి తల విరవడానికి వేళ్లు సర్దుకున్నాయి. ఒక్క క్షణం నీలం ఫైలు కళ్లముందు ఆడింది. రొయ్యని తిరిగి ఐసు మీద పెట్టేసింది.

కుడి చేతి తొడుగు కొస పళ్లతో పట్టి లాగింది. తర్వాత ఎడమది. బల్ల మీద తొడుగులు పెట్టింది. వాటి మీద టోపీ. ఆపైన యాప్రాన్ నాలుగు మడతలు.

పక్కన సుస్మిత తొడుగులు లాగుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ధీరజ్. ఆపైన ఏ బల్ల ముందో ఏది వెనకో తెలియలేదు. స్తంభం దగ్గర మాట్లాడిన ఆవిడ టోపీ తీస్తూ పక్కావిడతో అంది: "సెలవుల పిల్లలు ముందెళ్తారనుకున్నాం. అందరం ఒకేసారి వెళ్తున్నామేంటే."

యాభై రెండు మందీ వచ్చి గేటు బయట మట్టిలో కూర్చున్నారు. కబురు తెలిసి సరోజినీ, ముందు తీసేసిన అయిదుగురూ వచ్చారు. సరోజిని కృప పక్కనే చతికిలబడి, కొంగు సగం ఆ పిల్ల తల మీద కప్పింది.

"నీ సీటేమవుతుందే?"

"తెలీదు పిన్నీ."

"తెలీకుండానే కూర్చున్నావా?"

"తెలిస్తే కూర్చోలేనేమో."

లోపల లారీల కింద నీళ్లు ధార కట్టాయి. ఐసు కరిగితే రొయ్య ఆగదు. తల మొదట నలుపెక్కుతుంది, తర్వాత ఆ నలుపు పొట్టు కిందకి దిగుతుంది. అది షెడ్డులో అందరికన్నా నాంచారయ్యకి బాగా తెలుసు. పదింటికి ఐసు బండికి ఫోన్ చేశాడు. ఐసు దించాల్సినవాళ్లూ ఆ యాభై రెండు మందిలోనే ఉన్నారని తర్వాత గుర్తొచ్చింది.

పదకొండింటికి జీపొచ్చింది. ఎస్సై దిగి, ఎండకి కళ్లు చిట్లించి చూశాడు.

"మీలో మెయిన్ ఎవరు?"

ఎవరూ లేవలేదు.

"ఫస్టు ఎవరు లేచారో చెప్పండి. కేసయితే చదువులు పోతాయి, తెలుసా?"

"మాలో ర్యాంకుల్లేవండీ," అన్నాడు ధీరజ్.

అతను చూపు దించలేదు. వెనకెవరో ముసిముసిగా నవ్వారు. ఎస్సై కానిస్టేబుళ్లని గేటు దగ్గర నిలబెట్టి, జీపులో కూర్చుని ఎవరికో ఫోన్ కలిపాడు.

అప్పుడే సుస్మిత ఫోన్ మోగింది. అవనిగడ్డ రోడ్డులో ఇంకో షెడ్డుంది. అక్కడ పనిచేస్తున్న ఆమె క్లాస్‌మేటు ఒక ఫొటో పంపింది. తెల్ల బోర్డు, ఎవరో తెలియని పేర్లు, ప్రతి పేరు పక్కనా అదే అంకె. ఫోన్ చేతులు మారుతూ ఆఖరి వరస దాకా వెళ్లింది. స్తంభం ఆవిడ దాన్ని చేతిలో పట్టుకుని, "వీళ్లకెవరు చెప్పారే?" అంది. ఎవరూ చెప్పలేదు. వ్యాన్లలో, బస్టాపుల్లో, చర్చి అరుగుల మీద మాట నడిచి వెళ్లింది.

ఒంటిగంటకి నాంచారయ్య బయటికొచ్చాడు. చేతిలో నీలం ఫైలుంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"సరే. మీ కాయితాలు మీకిచ్చేస్తాను. బోర్డు కూడా తీసేయిస్తున్నాను. తీసుకుని లోపలికి నడవండి." ఫైలు తెరిచాడు. "కృపాకుమారి."

కృప కదల్లేదు. ఆయన మెమో తీసి ఊపాడు. ప్లాస్టిక్ కవరు ఎండకి మెరిసింది. చెయ్యి చాపితే అందేంత దూరం.

"ధీరజ్." లేవలేదు. "సుస్మిత." లేవలేదు. నాంచారయ్య చదువుకుంటూ పోయాడు. ముప్పై నాలుగు పేర్లూ అయిపోయాయి. ఒక్కరూ లేవలేదు.

"ఇంకేం కావాలి మీకు?" ఆయన గొంతులో మెత్తదనం పోయింది. ఆ గొంతు వాళ్లు వినడం అదే మొదలు.

కృప లేచి నిలబడింది. కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. తూలబోతే సరోజిని ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఇంకా ఆరు పేర్లున్నాయండీ."

"ఏ ఆరు? ఫైల్లో ఇంతే ఉన్నాయి."

"మీ ఫైల్లో లేనివాళ్లేనండీ. మీరు తీసేసినవాళ్లు. ఇవాళ్టి నుంచే వాళ్లూ పనిలో ఉంటారని, ముప్పై కిలోలే లెక్కని, అందరి ముందూ చెప్పి ఆ పేర్లు చదవండి."

నాంచారయ్య ఆమె మెమోని మళ్లీ పైకెత్తాడు.

"సోమవారం అయిదు గంటలు, గుర్తుందా? పిచ్చిపిల్లా, నీకూ వాళ్లకీ ఏం సంబంధం?"

"ఇవాళ శనివారమేనండీ," అంది కృప.

మట్టిలో కూర్చున్న యాభై ఏడు మందీ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన చేతిలో కాయితం గాలికి టపటపమంటోంది. కృప చెయ్యి చాపలేదు. వెనక్కి తిరిగి, ఆ అయిదుగురి పేర్లేమిటో ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకుంది. వాళ్లు చెప్పారు. అన్నీ విన్నాక మళ్లీ ఆయన వైపు తిరిగింది.

"మొదటి పేరు సరోజినండీ," అంది. "చదవండి."