తవ్వొద్దన్న ఇసుక

తవ్వొద్దని జెన్నిఫర్ చెప్పింది. పూర్ణిమ తవ్వలేదు. తరువాత చాలా రోజులు ఆ ముక్కనే తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ అది ఇంకాస్త చిన్నదైపోయింది.

పూర్ణిమది మోటకొండూరు దగ్గరి పల్లె. పదో తరగతి దాకా ఊరి బడిలో చదివి, ఇంటర్‌కు నాచారంలో ఉన్న మేనత్త ఉప్పలమ్మ ఇంటికి వచ్చింది. కాలేజీ ఉప్పల్‌లో. అక్కడ పేరు పిలిచినప్పుడు లేచి నిలబడడమే గాని నోరు విప్పేది కాదు. అడగాలనుకున్నవి, అనాలనుకున్నవి అన్నీ ఇంటికి వచ్చాక డైరీలో రాసుకునేది. డైరీ ఎదురు ప్రశ్న వెయ్యదు.

అత్తవాళ్ళ మేడమీద జెన్నిఫర్, ఆమె తల్లి ఎలిజబెత్ అద్దెకు ఉండేవారు. జెన్నిఫర్ దగ్గరలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. ఆమె కిటికీ పక్కన పెద్ద గాజుతొట్టి ఉంది. దాంట్లో జానెడు లోతు తడి ఇసుక, మంచినీళ్ళకొక గిన్నె, ఉప్పునీళ్ళకొక గిన్నె, బోర్లించిన కొబ్బరిచిప్ప, రెండు శంఖాలు. మొదటిసారి చూసినప్పుడు ఆ శంఖాల్లో ఒకటి నడిచింది. పూర్ణిమ ఒక అడుగు వెనక్కి వేసి, ఎండ్రికాయలా అని అడిగింది. సన్యాసి పీతలని జెన్నిఫర్ చెప్పింది. వాటి నడుము కింది భాగం మెత్తగా ఉంటుందట. అందుకని దొరికిన శంఖంలో దూరి బతుకుతాయట. ఒళ్ళు పెరిగితే ఇల్లు మారుస్తాయట. ల్యాబులో ఒకాయన ఊరు మారుతూ ఇచ్చిపోయాడు. పెద్దదాని పేరు పెద్దసారు, చిన్నదాని పేరు చిన్నసారు.

ఆనాటి నుంచి సాయంత్రాలు పూర్ణిమ ఆ తొట్టి ముందే కూర్చునేది. పెద్దసారు కీరదోస ముక్కను గిల్లి గిల్లి తినేవాడు, పెళ్ళిలో పెద్దమనిషిలాగ తొందర లేకుండా. చిన్నసారు దొంగ. దొరికినదాన్ని లాక్కుపోయి చిప్ప కింద దాచేవాడు.

"నువ్వు మాట్లాడవు, వీళ్ళు మాట్లాడరు. మస్తు కుదిరింది మీకు" అని జెన్నిఫర్ నవ్వేది.

జూన్ నెలాఖరులో జెన్నిఫర్‌ను శిక్షణ కోసం ఆరు వారాలు పుణె పంపించారు. ఎలిజబెత్ సంగారెడ్డిలో కొడుకు దగ్గరికి బయలుదేరింది. తొట్టిని కిందికి తెచ్చి పూర్ణిమ పడుకునే వెనక గదిలో పెట్టారు. రోజుకు రెండుసార్లు నీళ్ళు చిలకరించాలి, గిన్నెలు కడగాలి, చిటికెడు తిండి, అప్పుడప్పుడు ఒక ఎండురొయ్య వెయ్యాలి. ఇవన్నీ జెన్నిఫర్ కాగితం మీద రాసిచ్చింది. రాయకుండా నోటితో చెప్పింది ఒక్కటే.

"ఎవడన్న ఇసుకలకు పోతే తవ్వకు పూర్ణా. నెల గానీ, రెండు నెలలు గానీ, వాడే వస్తడు. ఏదన్న ఫికరైతే నాకు ఫోన్ జెయ్."

పూర్ణిమ తల ఊపింది. ఇంత నమ్మకంగా తన చేతిలో ఎవరూ ఏదీ పెట్టలేదని ఆ సాయంత్రం డైరీలో రాసుకుంది.

ఎనిమిదో రోజున పెద్దసారు కనిపించలేదు. తొట్టి మూలన ఇసుక కొంచెం ఉబ్బి ఉంది. "కిందికి పోయిండు" అని జెన్నిఫర్‌కు సందేశం పెట్టింది. బొటనవేలి బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. రోజూ కాలేజీ నుంచి రాగానే ఆ మూలను చూసేది. ఇసుక ఇసుకలాగే ఉండేది. డైరీలో తేదీ కింద "రాలేదు" అని ఒక్కమాట రాసేది.

మూడోవారం దాటాక ఇంట్లో వాసన మొదలైంది.

ఆ ఆదివారమే నాచారంలో బోనాలు. ఉప్పలమ్మ నాలుగు రోజుల నుంచి ఇల్లంతా దులిపి, కడిగి, గోడలకు సున్నం వేయించింది. కొత్త కుండ తెచ్చి పెట్టింది. శనివారం పొద్దున వెనక గది గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందే ఈ కంపు? గా ఎండ్రికాయ సచ్చినట్టుంది సూడు."

లేదు అత్తా, అది కింద ఉంది అని పూర్ణిమ నసిగింది. కింద ఉన్నది బతికి ఉన్నట్టు నీకెట్లా తెలుసని అత్త అడిగింది. మామ హనుమాండ్లు వరండాలో పేపరు చదువుతూ, ముందుగాల చెప్తే పులుసన్నా పెట్టుకునేవాళ్ళం కదా అన్నాడు. అత్త నవ్వలేదు.

"రేపు అమ్మవారికి బోనం వండాలె. సచ్చినదాన్ని ఇంట్ల వెట్టుకొని పొయ్యి ముట్టిస్తమా బిడ్డా? మైల గాదా? పొద్దుమీకేలోపు తేల్చు. ఉంటే ఉన్నదను, లేకపోతే తీసి పారెయ్."

తొట్టిని బయట పెడదామంటే ముసురు పట్టి వాన కురుస్తోంది. మేడకు తాళం వేసి ఉంది. పూర్ణిమ ఫోన్ తీసింది. "అక్కా వాసన వస్తున్నది, ఏం చెయ్యాలె" అని రాసింది. చదువుకుంది. చంపినావా అని అక్క అనుకుంటుందేమో. పోనీ ఫోన్ చేద్దామంటే, అక్క పదిమంది మధ్య ఉంటుంది. తాను తడబడుతుంది. రాసినదాన్ని ఒక్కొక్క అక్షరం చెరిపేసింది.

అప్పుడు ఊరి పొలం గుర్తుకొచ్చింది. గట్టులో ఎండ్రికాయ బొరియ ఉంటే మడిలో నీళ్ళు నిలవవు. బాపు బొరియను తవ్వేవాడు కాదు, తవ్వితే గట్టు తెగుతుంది. చెంబుతో నీళ్ళు పోసేవాడు. రెండో చెంబుకల్లా ఎండ్రికాయ కళ్ళు నిక్కించుకొని బయటికి వచ్చేది. ఎండాకాలమంతా భూమిలో ఉన్న ఎండ్రికాయలు కూడా తొలకరి నీళ్ళకే లేచివస్తాయి. ఇది పూర్ణిమకు బడిలో ఎవరూ నేర్పలేదు. చిన్నప్పటి నుంచి కళ్ళతో చూసిన సంగతి. పట్నంలో తనకు బాగా తెలిసిన సంగతి ఏదైనా ఉందంటే ఇదే.

నీళ్ళు పోయడం తవ్వడం కాదు కదా అనుకుంది.

మొదటి చెంబు పోసింది. ఇసుక తాగేసింది. రెండో చెంబుకు మూలన చిన్న గుంట పడింది. చిన్నసారు భయపడి చిప్ప మీదికి ఎక్కాడు. మూడో చెంబుకు ఇసుక ఒక్కసారిగా కూలింది. లోపల ఎక్కడో ఉన్న ఖాళీ జాగా కూలినట్టు బుడగలు వచ్చాయి. ఎండ్రికాయ మాత్రం రాలేదు.

అప్పుడిక చెయ్యి పెట్టక తప్పలేదు. బురదలో ముందు శంఖం తగిలింది. దాని పక్కన కాళ్ళూ డెక్కలతో సహా గోధుమరంగు పెంకు ఒకటి, లోపల ఏమీ లేకుండా. శంఖంలోంచి సగం బయటికి జారి పెద్దసారు ఉన్నాడు. పాలమీగడ రంగులో, వేలు తగిలితే నొక్కుపడేంత మెత్తగా. ఇంకో ఎండ్రికాయ ఎక్కడి నుంచి వచ్చిందా అని ఒక్క క్షణం అనుకుంది. అరచేతిలో పెట్టుకుంటే ఒక కాలు కదిలింది. చాలా నెమ్మదిగా, నిద్రలో ఎవరో దుప్పటి లాక్కున్నట్టు. దీపాలు పెట్టే వేళకు అది కూడా కదల్లేదు.

కరివేపాకు చెట్టు మొదట్లో గుంట తీసి, శంఖంతో సహా పాతిపెట్టింది. తీసేసినావా అని అత్త అడిగితే తీసేసిన అంది. మర్నాడు పసుపు పూసిన కుండమీద దీపం పెట్టుకొని అత్త ముందు నడుస్తుంటే, వేపమండ పట్టుకొని వెనక నడిచింది. డప్పుల మోతలో ఎవరితోనూ మాట్లాడవలసిన పని లేకపోయింది.

వాసన సోమవారం కూడా వచ్చింది. తొట్టి కడుగుదామని కొబ్బరిచిప్ప ఎత్తితే, దాని కింద మూడు ఎండురొయ్యలు కుళ్ళి ఉన్నాయి. చిన్నసారు దాచుకున్నవి.

ఆనాటి డైరీలో తేదీ మాత్రమే ఉంది.

ఆగస్టు సగంలో జెన్నిఫర్ వచ్చింది. ఇంకా రాలేదా అని తొట్టి మూలలో, పూర్ణిమ ఆరబెట్టి సర్దిన ఇసుకను చూసింది. పూర్ణిమ గొంతులో మాట తయారుగానే ఉంది. జెన్నిఫరే అందుకొని, "మంచిదే, పెద్దగైతుండు" అంది సంబరంగా. పూర్ణిమ తల ఊపింది. ఆ తల ఊపడమే తరువాత అన్నిటికంటే ఎక్కువ కుమిలేలా చేసింది. నీళ్ళు పోసింది తెలియక. తల ఊపింది తెలిసి.

తొట్టి మేడమీదికి వెళ్ళింది. జెన్నిఫర్ పుణె నుంచి ఒక శంఖం తెచ్చింది. సెలవురోజున సముద్రం చూడబోయి, గంటసేపు వెతికి ఏరుకొచ్చిందట. గుండ్రటి మూతి, లోపల ముత్యపు మెరుపు. బయటికి వచ్చేసరికి వాడికి పాత ఇల్లు ఇరుకవుతుందని, దాన్ని వేడినీళ్ళలో ఉడికించి ఆ మూలన ఇసుకమీద పెట్టింది. రోజూ పని నుంచి రాగానే చాయ్ గ్లాసుతో అక్కడే కూర్చునేది. సంగారెడ్డి నుంచి తిరిగివచ్చిన ఎలిజబెత్ అయితే భోజనానికి ముందు చేసే ప్రార్థనలో, మట్టిలో ఉన్న చిన్న ప్రాణిని కూడా కాయమని దేవుణ్ణి అడిగేది. ఆ ప్రార్థన వినబడినప్పుడల్లా పూర్ణిమ ఏదో పని ఉన్నట్టు మెట్లు దిగిపోయేది.

సెప్టెంబరు చివరలో ఒక సాయంత్రం జెన్నిఫర్ వేళ్ళమీద లెక్కపెట్టి, ఎనభై దినాలు దాటినయి అంది. ఆమె ముఖంలో మొదటిసారి దిగులు కనబడింది. ఇసుకను ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తనకు తానే, తవ్వొద్దు అని చెప్పుకుంది.

ఆ చెయ్యి వెనక్కి పోవడం చూశాక పూర్ణిమ ఆగలేకపోయింది.

"అక్కా, వాడు అండ్ల లేడు."

చెప్పడం మొదలుపెట్టాక అన్నీ వచ్చాయి. వాసన, బోనాలు, మూడు చెంబుల నీళ్ళు, పక్కన ఉన్న ఖాళీ పెంకు, కరివేపాకు చెట్టు, రొయ్యలు. జెన్నిఫర్ ఎక్కడా అడ్డం రాలేదు. చాయ్ చల్లారిపోయింది.

"ఆ పెంకు వానిదే" అంది చివరికి. "చర్మం ఇడిసిండు. కష్టమైనదంతా అయిపోయింది. ఇగ దాన్ని తిని గట్టివడుడే మిగిలుండె."

పూర్ణిమ ఏడ్చింది. జెన్నిఫర్ కసురుకోలేదు. కసిరినా బాగుండేది.

"ఒక్క ఫోన్ జేస్తే అయిపోతుండె కదనే."

"భయమైంది."

"నీళ్ళు పోసినందుకు నిన్ను ఏమంట? నీకు దెల్వదు. కానీ నేనొచ్చినంక చెప్పకపోతివి. ఇన్ని దినాలు ఉత్త ఇసుక ముంగట కూసున్న నేను."

ఆ పుణె శంఖాన్ని తీసి జెన్నిఫర్ కిటికీ గూట్లో పెట్టింది. చిన్నసారుకు అది మరీ పెద్దది.

ఆ తరువాత కూడా పూర్ణిమ మేడమీదికి వెళ్ళేది. జెన్నిఫర్ చాయ్ ఇచ్చేది, కాలేజీ కబుర్లు అడిగేది, అకౌంట్స్ లెక్కల్లో తప్పులు దిద్దేది. నీళ్ళు చిలకరించే సీసా మాత్రం ఆమె చేతిలోనే ఉండేది.

క్రిస్మస్‌కు తల్లీకూతుళ్ళు నాలుగు రోజులు సంగారెడ్డి వెళ్తున్నారు. ఆటో గేటు ముందు ఆగింది. ఎలిజబెత్ సంచులు సర్దుకొని ఎక్కింది. జెన్నిఫర్ మెట్లు దిగివచ్చింది, రెండు చేతులతో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా పట్టుకొని. మూతకు రంధ్రాలు. లోపల కొంచెం ఇసుక, చిన్నసారు. అనాలనుకున్నదాన్ని డైరీలో రాసుకుందామని లోపలికి తిరగబోయిన పూర్ణిమ ఆగి, వెనక్కి వచ్చి, ఆటో పక్కన నిలబడింది.

"అక్కా, వాణ్ణి ఇడిసిపో. నేను సూసుకుంట. ఏదన్నయితే ఫోన్ జేస్త."

జెన్నిఫర్ ఆమె ముఖంలోకి చూసి, చాలా మెత్తగా నవ్వింది.

"వద్దులే పూర్ణా. నా ఒళ్ళె వెట్టుకొని పోత."

ఆటో ఉప్పల్ రోడ్డు వైపు తిరిగింది. పూర్ణిమ గేటు వేసి, గొళ్ళెం పెట్టి, చాలాసేపు దాన్ని పట్టుకొనే నిలబడింది.