మోకాటి నీటి లెక్క

లెక్కలమ్మకి ఆ ఆసుపత్రి ల్యాబులో ఇరవై రెండేళ్ళ అనుభవం. మైక్రోస్కోపులో కన్ను పెట్టిందంటే పక్కన పిడుగు పడ్డా లేవదు. తను లెక్కపెట్టిన కణాలను ఇంకెవరైనా మళ్ళీ చూస్తామంటే ముఖం మాడ్చుకునేది. మనిషికి అంత పొగరు ఉండకూడదు, కానీ ఉంది.

ఆ ఉదయం ఆమె బల్ల మీదికి సొంత అక్క మోకాట్లోంచి సూదితో తీసిన నీళ్ళు వచ్చాయి. అక్కది కీళ్ళవాతం. ఒంటికి కాపలా ఉండాల్సిన తెల్లకణాలే కీళ్ళలో చేరి, కంచే చేను మేసినట్టు ఎముకను తినేసే జబ్బు. తిన్న ఎముక తిరిగి రాదు. కిందటి నెల నీళ్ళు కూడా లెక్కలమ్మే చూసింది. రెండు వందల కణాలే ఉన్నాయని రాసింది. జబ్బు చల్లారిందని డాక్టరు బలమైన మందు ఆపేశాడు. నెల తిరక్కుండా మోకాలు ఇంకా వాచింది, జబ్బు వేళ్ళ కీళ్ళకీ పాకింది. బట్టలు కుట్టి బతికే అక్క వేళ్ళకి ఇప్పుడు కత్తెర పట్టు దొరకడం లేదు.

నీళ్ళు గంజిలా ఉన్నాయి. పలుచన చేద్దామని లెక్కలమ్మ చెయ్యి అలవాటుగా ఎడమవైపు సీసా అందుకుని నాలుగు చుక్కలు వేసింది. గొట్టంలో నీళ్ళు పాలు విరిగినట్టు విరిగి, తెల్లటి ముద్ద అడుగుకి దిగింది.

ఆమె సీసా మీది చీటీ చూసింది. అది యాసిడ్ కలిపిన నీళ్ళు. రక్తం లెక్కకైతే అదే వాడాలి. కీలు నీటిలో పడితే మాత్రం ఆ నీరు ముద్దకట్టి కణాలన్నిటినీ తనలో ఇరికించుకుంటుంది. దీనికి ఉప్పునీళ్ళే వాడాలని కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేది తనే. కిందటి నెలా ఇలాంటి ముద్దే కనిపిస్తే, దూది పోగనుకుని తీసి పారేసి, మిగిలిన తేటను లెక్కపెట్టింది.

ఈసారి ఉప్పునీళ్ళతో చేసింది. గాజుపలక గళ్ళలో ఖాళీ లేదు. ఇరవై రెండు వేలు. కొత్త అంకె మాత్రమే పంపి ఊరుకుంటే, జబ్బు తిరగబెట్టిందనే అనుకుంటారు, తన తప్పు ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కాగితం పట్టుకుని బయటికి నడిచింది.

అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. “ఎన్నొచ్చాయే?”

“ఇరవై రెండు వేలు. కిందటిసారి కూడా ఎక్కువే ఉండుంటాయి అక్కా. నేను తప్పు సీసా వాడాను.”

అక్క వాచిన మోకాలు నిమురుకుంది. “వాపుకీ ఈ లెక్కకీ పొంతన లేదు, ఇంకోచోట చూపిద్దామని డాక్టరు అప్పుడే అన్నాడు. నేనే వద్దన్నాను. మా చెల్లి లెక్కపెట్టాక దేవుడు కూడా మళ్ళీ చూసుకోనక్కర్లేదని చెప్పాను.”

“పద, నేనే ఆయనకి చెప్తాను. మందు ఈరోజే మొదలుపెడతారు.”

“మొదలుపెడితే కత్తెర పట్టగలనా?”

“వాపు తగ్గుతుంది,” అంది లెక్కలమ్మ.

“వాపు సంగతి కాదే నేనడిగింది,” అంది అక్క.