ఆ కుర్చీలో ఉన్నది నా భార్య కాదు

కోడలు కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వెళ్లింది. ఇచ్చి వద్దామని గ్రంథాలయం రెండో అంతస్తుకు ఎక్కాను. ఆ ఒక్క పనికే వెళ్లాను. తలుపు తోసేసరికి, పోయి రెండేళ్లైన నా భార్య అక్కడ కుర్చీలో కూర్చుని ఉంది.

మనిషి కోడలే. కానీ ఎడమచేతి నడిమి వేలు సగానికి మడిచి, ఆ చేతిని ఒళ్లో దాచుకున్న తీరు నా భార్యది. ఆవిడ వేలు సగం మగ్గం తినేసింది. చుట్టూ ఎనిమిదిమంది ఉన్నారు. ఎదురు కుర్చీలో మా వీధి మందుల షాపతను మూతి బిగించి కూర్చున్నాడు. అతను నేనని కాసేపటికి గానీ తెలియలేదు.

వీళ్లంతా కలిసి ఒక నవల రాస్తున్నారు. తలా ఒక పాత్ర. రాసేముందు ఆ పాత్రగా మారి కుర్చీలో కూర్చోవాలి, మిగతావాళ్లు ప్రశ్నలు వెయ్యాలి. కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పే మాస్టారు నడిపిస్తాడు. మనసు లోతు తెలిశాకే కలం పట్టాలట.

"అమ్మా, మీకు అన్నిటికన్నా దేనికి భయం?" అని అడిగాడు మాస్టారు.

"ఆయన మౌనానికి," అంది కోడలు. "ముప్పై ఏళ్లు గోడతో కాపురం చేశానండీ. గోడయినా నయం, మేకు కొట్టుకోవచ్చు."

అందరూ నవ్వారు. మందుల షాపతను నవ్వలేదు. నేను కదా, నవ్వకూడదు.

నా ఒళ్లు మండిపోయింది. "అమ్మాయ్!" అన్నాను.

కోడలు ఉలిక్కిపడి లేచింది. మడిచిన వేలు నిటారుగా అయింది. "మామయ్యా! ఇది మన ఇంటి సంగతి కాదు మామయ్యా. పాత్ర. ఊరికే పాత్ర."

"పాత్రయితే ఆ తెగిన వేలు ఎవరిది?"

మాస్టారు అడ్డం వచ్చాడు. మర్యాదస్తుడే. "రండి పెద్దాయనా, మంచి సమయానికి వచ్చారు. ఆ భర్త కుర్చీలో మీరే కూర్చోండి. నటించనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు."

"హమ్మయ్య, నా మెడ పట్టేసింది," అంటూ మందుల షాపతను లేచాడు.

నేను వెళ్లిపోవలసింది. వెళ్తే నా భార్య అక్కడే, వాళ్ల చేతుల్లో ఉండిపోతుంది. ఆ నవల అచ్చయితే ఇక అంతే. చదివినవాళ్లకు ఆవిడ గోడతో కాపురం చేసిన మనిషి అయిపోతుంది. కాదని చెప్పుకోవడానికి ఆవిడ రాదు. కళ్లద్దాలు కోడలి చేతిలో పెట్టి కూర్చున్నాను.

రెండు వేళ్లు చెంపకు ఆనించి, అరచెయ్యి బయటికి తిప్పాను. కోడలు బిత్తరపోయి చూసింది. మాస్టారు గబగబా రాసుకున్నాడు.

"ఏం రాశారు?" అన్నాను.

"మాట్లాడకుండా చేత్తో తోసెయ్యడం, ఆధిపత్యం అని. చిన్నప్పటి గాయం ఏదో ఉండి ఉంటుంది."

"తిన్నావా అని అడిగానయ్యా!"

ఆ తర్వాత నేను మాట్లాడినంతసేపు నా జన్మలో ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ నా భార్యా నేత మిల్లులో పని చేశాం. ఒక్క షెడ్డులో రెండువందల మగ్గాలు. చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందరిదీ చేతి మాటే. చెవి లాగితే సూపర్‌వైజర్ వస్తున్నాడని. ముక్కు నిమిరితే వాడు మండిపడుతున్నాడని. మా పెళ్లి మాట కూడా నాలుగు వరసల అవతలి నుంచి చేత్తోనే కుదిరింది. చెవులు సగం పోయాక ఇంట్లోనూ చేతులతోనే చెప్పుకున్నాం. పోట్లాడుకున్నదీ అలాగే. నేను ఒక వేలు ఎత్తితే ఆవిడ నాలుగు ఎత్తేది.

"వేలు తెగిననాడు ఆవిడ అరిచిందో లేదో నాకు తెలియదు," అన్నాను. "రెండో చెయ్యి ఎత్తి మగ్గం ఆపమంది. చూశాను, దూకాను. నోటి మాట కోసం ఆగి ఉంటే చెయ్యే పోయేది. మీరేమో గోడంటున్నారు. మీకు భాష రాకపోతే ఎదుటివాడు మూగవాడా?"

మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అయితే మీరే చెప్పండి పెద్దాయనా. ఆవిడకు అన్నిటికన్నా దేనికి భయం?"

నా చేతులు లేచాయి. లేచినవి గాలిలోనే ఆగిపోయాయి.

"భయానికి సైగ లేదు," అన్నాను. "షెడ్డులో ఆ మాట ఎవరూ వాడలేదు."

"ఆహా! రాసుకోండి, అందరూ రాసుకోండి. నవలకు ఇదే గుండెకాయ!"

కలాలన్నీ గీకడం మొదలుపెట్టాయి. కాలు తెగి పడి ఉన్నవాణ్ణి చూసి, నెత్తురు రంగు భలే ఉందన్నట్టుంది ఆ వరస.

"రాయకండి సార్," అంది కోడలు.

"అదేంటమ్మా? ఇక్కడ చెప్పింది ఏదైనా అందరిదీ. మొదటి రోజే అనుకున్నాం కదా."

"నేను చెప్పింది అందరిదీ. ఆయన మీతో ఏమీ అనుకోలేదు."

కోడలు తన కాగితాలు ముందుకు లాక్కుంది. మిల్లు కొట్టేసింది. తెగిన వేలు కొట్టేసింది. గోడ మాట రెండుసార్లు కొట్టేసింది. చివరికి 'భర్త మాట్లాడడు' అన్న ఒక్క ముక్క మిగిలింది. "ఇది మీరే ఉంచుకోండి," అని మాస్టారి ముందు పెట్టింది.

"మరి నాకు భార్య ఎవరండీ ఇప్పుడు?" అన్నాడు మందుల షాపతను నిజంగానే బెంగగా.

"ఇంటికెళ్లి చూసుకోండి," అంది కోడలు.

మిగతావాళ్లు నేను చెప్పింది రాసుకున్న కాగితాలు ఒక్కొక్కరే తెచ్చిచ్చారు. మాస్టారు తనది మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అది కూడా," అని చెయ్యి చాపాను.

నవ్వాడు. నేను నవ్వలేదు. చెయ్యి దించలేదు. అతని నవ్వు ఆరిపోయేదాకా చాపే ఉంచాను. ఇచ్చాడు.

మెట్లు దిగుతుంటే కోడలు నా చెవి దగ్గరికి వంగి అడిగింది. "నిజంగా తెలీదా మామయ్యా, అత్తయ్యకి దేనికి భయమో?"

"తెలీదు. నీకూ తెలీదు. మరి అంతమందిలో అంత గట్టిగా ఎలా చెప్పావు?"

కోడల్ని దులిపేశాను, బాగానే ఉంది. కానీ ముప్పై ఏళ్లు పక్కన ఉండి ఆ ఒక్కమాట అడగనివాణ్ణి ఎవరు దులపాలి? బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడ్డాం. కోడలు కూర్చోమన్నా కూర్చోలేదు.