కళ్ళజోడు పెట్టెలో బల్బు

నేను ఒక చిన్న బల్బుని. చింతగింజంత ఉంటాను. ఎర్ర గాజుబిళ్ళ వెనక కూర్చుంటాను కాబట్టి బండ్లవాళ్ళు నన్ను ఎర్ర దీపం అంటారు. మిగతా దీపాలు వెలిగి పేరు తెచ్చుకుంటాయి. నా ఉద్యోగం ఆరిపోవడం. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను అందుకుని ఆల్టర్నేటర్ బ్యాటరీకి కరెంటు పంపడం మొదలుపెట్టగానే ఆరిపోవాలి. నేను ఆరానంటే ఆ బండి చల్లగా ఉన్నట్టు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఆల్టర్నేటర్ దానంతట అది నిద్ర లేవదు. నాలోంచి వెళ్ళే పిసరంత కరెంటే దాన్ని తట్టి లేపుతుంది.

పుట్టిన అట్టపెట్టెలో పదిమందిమి ఉండేవాళ్ళం. మిగతా తొమ్మిదిమంది ఏమయ్యారో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. నాకు ఊహ తెలిసేసరికి ఒక వ్యానులో ఉన్నాను. ఆ వ్యాను ఒకనాడు కల్వర్టుకి గుద్దుకుంది. ఇంజను తప్ప అంతా తుక్కయింది. అనకాపల్లిలో షెడ్డు పెట్టుకున్న అప్పలకొండ మేస్త్రీ ఆ డీజిలింజనుని ఊడదీసి, సన్యాసిరావు పాత తెల్లకారులో దింపాడు. సన్యాసిరావు ఆ కారు అద్దెకు తిప్పుకుని బతికేవాడు.

వైర్ల పని ఖాసింబీది. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య. ఆ షెడ్డులోనే ఓ మూల ఆమె బల్ల. ఆడమనిషి బండ్ల కరెంటు పని చేయడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత వరసకట్టారు. ఆమె వ్యాను ముందుబోర్డులోంచి నన్ను పదిలంగా తీసి, "ఆల్టర్నేటరూ ఇదీ ఒకింటివి. విడదీయకూడదు," అంది. నన్ను గురించి అంత మాటన్నది లోకంలో ఆమె ఒక్కతే.

కొత్త ఇంజనుకి పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతుంటే ఆమె సన్యాసిరావుకి చెప్పింది: "అన్నా, తాళం తిప్పితే ఇది వెలగాలి, స్టార్టయితే ఆరాలి. అలా కాకపోతే వెంటనే నా దగ్గరకు తీసుకురా."

"అలాగేనమ్మా," అన్నాడతను. మనసంతా నిమ్మకాయల మీదుంది.

మూడోరోజు రాజేశ్వరమ్మగారు కారెక్కారు. తమ్ముడి కొడుక్కి పిల్లను చూడ్డానికి ప్రయాణం.

"ఏటయ్యా సన్యాసీ, శుభమా అని బయల్దేరుతుంటే నీ బండి కన్నెర్రజేస్తోంది?"

"అబ్బే, అది లైటండమ్మా."

"లైటైతే పచ్చది పెట్టించుకోలేవూ?"

ఆ సంబంధం కుదరలేదు. పెళ్ళికొడుకు ముక్కు పిల్లకి నచ్చలేదు. తప్పు మాత్రం నాదయింది. ఆ మధ్యాహ్నమే సన్యాసిరావు బోర్డు వెనక చెయ్యిపెట్టి నన్ను పీకేశాడు. ఒక దీపం తగ్గితే బ్యాటరీకి అంత మిగులు అని కూడా లెక్కేసుకున్నాడు. పారెయ్యడానికి మనసొప్పక కళ్ళజోడు పెట్టెలో వేసి జేబులో పెట్టుకున్నాడు. ముందునుంచి చూసేవాళ్ళకి ఎర్రబిళ్ళ ఎప్పటిలాగే కనబడుతుంది.

అతను మెత్తగా బండి నడిపే మనిషి. కోడిపిల్ల అడ్డొచ్చినా దారిచ్చి ఆగుతాడు, ఇంజను గొంతు ఏనాడూ పెంచడు. తట్టిలేపేవాళ్ళు లేక ఆల్టర్నేటర్ తిరుగుతూనే నిద్రపోయింది. బ్యాటరీ ఉన్నదంతా ఇచ్చి ఇచ్చి నీరసించింది. వారం తిరక్కుండానే, ఆపితే చాలు, నలుగురు తోస్తేగానీ కారు కదలని స్థితి వచ్చింది.

షెడ్డుకి తీసుకెళ్ళాడు. ఖాసింబీ బానెట్టు కింద తలపెట్టింది. అతను తాళం దగ్గర కూర్చున్నాడు.

"ఎర్ర దీపం వెలిగిందా అన్నా?"

పీకేశానని చెబితే ఎందుకని అడుగుతుంది. రాజేశ్వరమ్మగారి శకునం సంగతి చెబితే షెడ్డంతా నవ్వుతుంది. పోనీలే, దీపానికీ దీనికీ ఏం సంబంధం అనుకున్నాడు.

"వెలిగిందమ్మా."

"స్టార్టు చెయ్యి. ఆరిందా?"

"ఆరింది."

జేబులో నేను వెలగనూ లేదు, ఆరనూ లేదు.

ఆమె ఇంజనుని గట్టిగా రెయిజు చేసింది. ఆ విసురుకి ఆల్టర్నేటర్ ఉలిక్కిపడి లేచింది. మీటరు పద్నాలుగు వోల్టులు చూపించింది. "బానే ఉంది కదా!" అని పంపేసింది. మర్నాడు అతని మెత్తటి చేతికింద మళ్ళీ పాత కథే. ఇలా మూడుసార్లు జరిగింది. ఆమె బెల్టు బిగించింది, బ్రష్షులు మార్చింది, ఎర్తు వైరు కొత్తది వేసింది, ఆల్టర్నేటర్ విప్పి చూసింది. ప్రతిసారీ ఆ రెండు ప్రశ్నలు అడిగింది. ప్రతిసారీ అతను ఆ రెండు జవాబులే చెప్పాడు.

నాలుగోసారి ఆసుపత్రి గేటు ముందు, బాలింతనీ బిడ్డనీ ఎక్కించుకున్నాక కారు మొరాయించింది. బాలింత మొగుడూ వాచ్‌మనూ తోశారు. వాళ్ళని ఇంటిదగ్గర దింపి సన్యాసిరావు తిన్నగా షెడ్డుకొచ్చి, పదిమంది ముందూ అరిచాడు.

"ఆడదాని చేతికి వైరింగిచ్చినందుకు నన్ను నేను కొట్టుకోవాల!"

అప్పలకొండ మొహం మాడ్చుకున్నాడు. "ఏటమ్మా ఇది? షెడ్డు పేరు పోతంది. రేపట్నించి ఇంకోడ్ని చూసుకుంటాను."

ఖాసింబీ చేతులు తుడుచుకుంది. "అలాగే మేస్త్రీ. ఒక్కసారి తాళం దగ్గర నన్ను కూర్చోనివ్వండి."

తాళం తిప్పింది. ఎర్రబిళ్ళ చీకటిగా ఉండిపోయింది. బోర్డు వెనక్కి చెయ్యిపోనిచ్చింది, ఖాళీ గూడు తగిలింది. తన సంచిలోంచి కొత్త బల్బు తీసి పెట్టింది. అది వెలిగింది, నలుగురు తోస్తే ఇంజను అందుకోగానే ఆరింది. రెయిజు చేయకుండానే మీటరు పద్నాలుగుకి పోయింది.

"అన్నా, బల్బేదీ?"

అందరూ ఇటు తిరిగారు. సన్యాసిరావు చెయ్యి జేబు మీదికి వచ్చి నన్ను అదిమిపట్టింది.

"కాలిపోయింది. పారేశాను."

"మరి వెలిగిందన్నావు?"

"ఎండలో... సరిగ్గా ఆనలేదు."

అప్పలకొండ అందుకున్నాడు. "తుక్కువ్యాను బల్బు కాలిపోదేటి? మొదటే కొత్తది వెయ్యాల్సింది. అదీ నీ తప్పే."

ఆమె మీటరు వైర్లు ఊడదీసింది. పనిముట్లు గోనెసంచిలో సర్దుకుని, ముడివేసి, భుజానెత్తుకుని వెళ్ళిపోయింది. ఒక్క మాట చాలు, ఆమెను ఆపడానికి. సన్యాసిరావు నోరు తెరిచాడు కూడా. మళ్ళీ మూసుకుని కారెక్కాడు. నాకు నోరే లేదు.

నాలుగేళ్ళు కళ్ళజోడు పెట్టెలో ఉన్నాను. పేపరు చదువుదామని పెట్టె తెరిస్తే అతనికి ముందు నేనే కనబడేదాన్ని. కళ్ళజోడు తీసుకుని గబుక్కున మూసేసేవాడు. కొన్నాళ్ళకి పేపరు చదవడమే మానేశాడు. ఖాసింబీ తునిలో రేకులషెడ్డు వేసుకుందని ఎవరో అంటే విని, తల దించుకున్నాడు. చివరికి కారుని తుక్కువాళ్ళు కోసి పట్టుకుపోయారు. ఆల్టర్నేటర్ ఏ కుప్పలోకి వెళ్ళిందో! ఒకింటివాళ్ళం, కడసారి చూపు కూడా దక్కలేదు.

ఆ మర్నాడు అతను తుని బస్సెక్కాడు.

ఆమె ఒక జీపు ముందు నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. సన్యాసిరావు పెట్టె తెరిచి నన్ను ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె నన్ను తిప్పి చూసి, బ్యాటరీ దగ్గరికి తీసుకెళ్ళి రెండు వైర్లు ఆనించింది.

పుట్టాక మొదటిసారి, వెలగకూడదు దేవుడా అనుకున్నాను. వెలిగాను.

"కాలిపోలేదు కదన్నా," అంది ఖాసింబీ.

అతను తల ఎత్తలేదు. "లేదమ్మా. ఏనాడూ కాలిపోలేదు. నేనే పీకేసి జేబులో దాచాను. ఆవేళ కూడా జేబులోనే ఉంది."

ఆమె వైర్లు తీసేసింది. తర్వాత నన్ను బల్లమీద పెట్టి, మళ్ళీ బానెట్టు కింద తలపెట్టింది. పొమ్మనలేదు, కూర్చోమనలేదు. కాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది.

"ఖాళీగా నిలబడకపోతే ఆ జీపు తాళం తిప్పు. దీపం వెలిగిందా?"

సన్యాసిరావు జీపెక్కాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. తాళం తిప్పి, బోర్డు మీదికి వంగి, ఎండ పడకుండా చెయ్యి అడ్డంపెట్టి, చూశాడు. మళ్ళీ చూశాడు.

"లేదమ్మా," అన్నాడు. "వెలగలేదు."