కర్టిస్ మెడ కొలత

మేమిద్దరం ఒకే లారీ నడుపుతాం. నేను స్టీరింగ్ దగ్గరుంటే మా ఆయన కర్టిస్ సీటు వెనక పరుపు మీద పడుకుంటాడు. దాన్ని నిద్ర అనడానికి నోరు రాదు. గురక పెట్టి పెట్టి ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతుంది. అంతలో ఉలిక్కిపడి లేస్తాడు. లేచిన ప్రతిసారీ ఒంటికి వెళ్ళాలి. పరుపుకు అడ్డంగా కట్టిన తెర వెనకనుంచి నా సీటు మీద తడతాడు, నేను విసుక్కుంటూ పక్కకు తీసి ఆపుతాను. ఆపే చోటు లేకపోతే సబ్బునీళ్ళ ఖాళీ డబ్బా ఉంది.

ఈ మధ్య దుప్పట్లు తనే ఉతుకుతున్నాడు. పెళ్ళయ్యాక ఒక్క గిన్నె కడగని మనిషి. అడిగితే కాఫీ ఒలికిందన్నాడు. కాఫీ వాసన నాకు తెలియదా? లారీలు ఆగేచోట బట్టలుతికే గదిలో గోడకేసి తిరిగి నిలబడ్డ ఆయన్ని చూసి, చూడనట్టే వెనక్కి వచ్చేశాను. నాకే తల కొట్టేసినట్టయింది.

దీనికి తోడు మాకు పిల్లల్లేరు. పరీక్షలు చేయించుకున్నాం. నాలో లోపమేమీ లేదన్నారు. ఆయనకు వీర్యకణాలు తక్కువ, మగ హార్మోనూ తక్కువ, ముందు నిద్ర సంగతి చూపించుకోమన్నారు. ఈయన మాత్రం వాళ్ళమ్మ వెల్డాతో, లోపం నాదేనని చెప్పాడు. ఆదివారం భోజనాల్లో ఆవిడ నా పళ్ళెంలో ఇంకో గరిటెడు బంగాళాదుంప ముద్ద వేసి "పాపం పిల్ల" అంటుంది. కడుపు మండిపోతున్నా నోరు మూసుకుని తింటాను.

నిద్ర పరీక్ష అంటే డ్రైవర్లకు హడలు. జబ్బుందని రాస్తే, బండి నడపడానికి ఒళ్ళు బాగుందని డాక్టరిచ్చే మెడికల్ కార్డు ఆపేస్తారు, కార్డు లేకపోతే లారీ కదలదు. మెడ లావుగా ఉంటే నిద్రలో ఊపిరి ఆగుతుందేమోనని అనుమానిస్తారని, టేపు చుట్టేటప్పుడు గడ్డం పైకెత్తి ఊపిరి బిగబట్టాలని ఒకరికొకరు నేర్పుకుంటారు. మా ఆయన అద్దం ముందు సాధన కూడా చేశాడు.

కార్డు గడువు దగ్గర పడితే ఇద్దరం కలిసే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరమ్మ టేపు చుట్టింది.

"ఊపిరి వదలండి బాబూ, మెడ ఎక్కడికీ పారిపోదు. గురక పెడతారా?"

"లేదండి."

"నిద్రలో మూత్రానికి లేస్తారా?"

"అంత కాఫీ తాగితే ఎవరు లేవరండి?"

ఆవిడ నావైపు తిరిగింది. "మీరు చెప్పమ్మా."

"హాయిగా పడుకుంటాడండి," అన్నాను. లారీ ఆగిపోతుందన్న భయం నాకు మాత్రం లేదా?

"పిల్లలున్నారా?"

"లేరండి. ఈవిడకేదో ఇబ్బంది ఉంది," అన్నాడు కర్టిస్, అలవాటైన నోటితో.

నేను పక్కనే ఉన్నాను. గురక, ఆగిపోయే ఊపిరి, డబ్బా, తడిసిన దుప్పట్లు, పరీక్షలో తేలిన నిజం, అన్నీ కక్కేశాను. మూలనున్న నర్సు మొహం తిప్పుకుంది. కర్టిస్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఒకదాని బదులు ఇంకో కాజాలో పెట్టాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఊపిరి ఆగినప్పుడల్లా గుండె మీద ఒత్తిడి పడుతుంది. ఒంట్లో నీరెక్కువైందనుకుని అది నీళ్ళు బయటికి పంపెయ్యమని కిడ్నీలకు కబురు పెడుతుంది. సరైన నిద్ర లేకపోతే మగ హార్మోనూ తగ్గొచ్చు. పడుకునేటప్పుడు మొహానికి తగిలించుకునే ఊపిరి మిషన్‌తో చాలామంది తేరుకుంటారు. పిల్లల సంగతి మాత్రం నేను మాటివ్వలేను. నిద్ర పరీక్ష అయ్యేదాకా కొద్దిరోజులకు కార్డు రాస్తాను, లారీ ఆగదులే," అంది.

లారీలో కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. నేను చెప్పింది నిజమే. అయినా మొగుణ్ణి పరాయివాళ్ళ ముందు బట్టలిప్పి నిలబెట్టినట్టు సిగ్గేసింది. ఆయన ఫోను తీసి స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, పిల్లల విషయం. లోపం జనెల్‌ది కాదు, నాది. నీకు అబద్ధం చెప్పాను."

"ఆ పిల్ల పక్కన కూర్చుని చెప్పిస్తోందా?"

"కాదమ్మా. నిద్రలో పక్క తడుపుకుంటున్నాను. అది కూడా తను కడుపులో పెట్టుకుంది."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. తర్వాత, "జనెల్, ఉన్నావా?"

"ఉన్నానత్తా."

"ఇన్ని ఆదివారాలు నా చేతి వంట తిన్నావు. ఒక్క మాటైనా అనలేదేమే?"

లోపం తనదేనని ఆయన వాళ్ళమ్మకు చెప్పాలని ఏళ్ళ తరబడి ఎదురుచూశాను, ఆ మాట చెవిన పడ్డాక ఆయన మొహం చూడలేకపోయాను. ఆయన ఫోను పెట్టేసి, లేచి తెర వెనక్కి వెళ్ళాడు. నేను ఇంజన్ స్టార్ట్ చేశాను. పెద్ద రోడ్డెక్కామో లేదో, సీటు మీద మెల్లగా తట్టాడు.

విసుక్కోకుండా పక్కకు తీసి ఆపాను.