పసుపు పూసిన ఎర్ర వైరు

నేను ఒక వైరును. ఎర్రటి రంగు, జానెడు పొడవు, రెండు కొసల్లోనూ సన్నటి లోహపు పళ్ళు. ఎక్కడ పుట్టానో తెలియదు. వందలమంది అక్కచెల్లెళ్ళతో ఓడెక్కి, తెనాలిలో భాస్కరంగారి కంప్యూటరులోకి కాపురానికి వచ్చాను. హార్డు డిస్కు చెప్పినదాన్ని మదర్‌బోర్డుకు చేరవెయ్యడం నా పని. మోసేవాళ్ళను ఎవరూ పలకరించరు. ఆ ఇంట్లో ఆయన భార్య వకుళనూ అంతే. అందుకే ఆవిడంటే నాకు కాస్త అభిమానం.

ఆ డిస్కులో వకుళ తన అత్తగారి పెళ్ళిపాటలు దాచుకుంది. ఆ అత్తగారు, సుభద్రమ్మగారు, పోయే ముందు ఏడాది ఆవిడను మైకు ముందు కూర్చోబెట్టి పాడించింది. అప్పగింతల పాట మధ్యలో ఆగి, “పొయ్యి మీద పాలు చూడవే, పాటలకేం తొందర!” అని ఆవిడ కసరడం కూడా నా మీదుగానే వచ్చేది. వకుళ ఆ కసురు దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పుకుని వినేది.

భాస్కరంగారు కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. ఏటా ఆయుధపూజకు స్కూటరుతో పాటు కంప్యూటరుకూ బొట్టు పెడతారు. ఈ ఏడు భక్తి కాస్త లోపలికి దిగింది. పెట్టె విప్పి, నన్ను పీకి, తడిపసుపు రాసి, తిరిగి గుచ్చారు. పళ్ళ సందుల్లో పసుపు పేరుకుని నా నోరు మూతబడింది. మర్నాడు డిస్కు లేదంటూ తెర మీద అక్షరాలొచ్చాయి.

“డిస్కు చచ్చింది,” అని తేల్చారాయన.

“నిన్న పూజ దాకా బాగానే ఉందిగా. ఆ ఎర్ర వైరు మార్చి చూడకూడదటండీ? అందులో అత్తయ్యగారి పాటలున్నాయి.”

“వైరులో పోవడానికేముందే? ఫిజిక్సు నువ్వు చదివావా, నేను చదివానా?”

“మీరేలెండి. నాది హిస్టరీ. ముందు ఏం జరిగింది, తరవాత ఏం జరిగింది, అంతవరకే మా చదువు. పోనీ, షాపులో చూపించండి.”

“సరే, చూద్దాంలే.”

చూడలేదు. పాత డిస్కుల్లోంచి దొంగలు బ్యాంకు వివరాలు లాగేస్తారని ఎక్కడో చదివారట. వకుళ కూరలకు వెళ్ళిన పూట, దాన్ని డాబా మీదికి తీసుకెళ్ళి సుత్తితో బద్దలుకొట్టారు. అందులో ఉన్నది తన తల్లి గొంతని తెలియక కాదు. చచ్చినదాన్నే కొడుతున్నానని అంత నమ్మకం.

కొత్త డిస్కు వచ్చింది. దానికీ నన్నే తగిలించారు. అదీ కనబడలేదు.

మెకానిక్ మస్తాన్ వచ్చి వేరే వైరు పెట్టగానే డిస్కు పలికింది. నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. “పసుపు వాసనొస్తందేంటి సార్? పోయింది వైరే. ఇంతకీ పాత డిస్కేది? అది కూడా నిక్షేపంలా ఉండుంటదే!”

భాస్కరంగారు డాబా మెట్ల వైపు చూశారు. వకుళ లోపలికెళ్ళి పొయ్యి మీద పాలు చూసుకుంది.

ఆయన నన్ను చెత్తబుట్టలో వెయ్యబోతే మాత్రం, “ఇలా ఇవ్వండి,” అని తీసుకుంది. బాల్కనీలో మల్లెతీగను ఊచకు కట్టింది, నాతోనే. ఇంట్లో దారం లేకనా! సరిగ్గా ఆయన కాఫీ తాగే కుర్చీకి ఎదురుగా కట్టింది. రోజూ పొద్దున ఆయన కళ్ళు నా మీద పడతాయి. వెంటనే పేపరు పైకి లేస్తుంది.

నిన్న మాత్రం పేపరు వెనకనుంచే అడిగారు.

“అమ్మ పాడే ఆ అప్పగింతల పాట... నీకు వచ్చా?”

“పాట వచ్చండీ,” అంది వకుళ, మొక్కకు నీళ్ళు పోస్తూ. “మధ్యలో ఆ కసురే రాదు.”