మలుపు దాకా లైను

నేను ఒక స్పీడ్ బ్రేకర్‌ని. హైవే మీద నా బోటివాళ్ళు ఉండకూడదట. అయినా ఉన్నాను. నన్ను ఏ ఇంజినీరూ గీయలేదు, ఎవరూ కొలవలేదు. రోడ్డు దాటుతున్న గవరయ్యను లారీ గుద్దేసిన రోజున, అతని భార్య పైడమ్మ ఊరినంతా వెంటేసుకొచ్చి రోడ్డుకు అడ్డంగా కూర్చుంది.

"బ్రేకరు ఏసీదాకా నెగిసీది నేదు!" అంది.

సాయంత్రానికల్లా ఎక్కడో మిగిలిన తారూ కంకరా తెచ్చి కుమ్మరించి, రోలర్‌తో తొక్కించి నన్ను పుట్టించారు. తెల్లరంగూ, హెచ్చరిక బోర్డూ రేపు పెడతామన్నారు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

మొదట్లో నాకు భలే పొగరు. ఎనభైలో దూసుకొచ్చే బస్సు కూడా నా ముందు పిల్లిలా నడిచేది. బడిపిల్లలు నింపాదిగా దాటేవారు. పైడమ్మ నాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, ఏటా గవరయ్య పోయిన రోజున కొబ్బరికాయ కొట్టేది. "మన బ్రేకరు కాడ ఒక్క పేణమూ పోనేదు" అని ఊరంతా మురిసేది.

నిజమే, నా దగ్గర పోలేదు. కానీ ఒక బండి నెమ్మదిస్తే దాని వెనక పది, ఆ పదింటి వెనక నలభై. లైను పెట్రోలు బంకు దాటి మలుపు దాకా పాకేది. మలుపు అవతలినుంచి వచ్చేవాడికి లైను చివర కనపడి చావదు. కీచుమనే బ్రేకుల చప్పుడు రోజూ నా వరకూ వినిపించేది. నాకు భయం పట్టుకుంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం నన్ను చూసి దణ్ణం పెట్టేవారే గానీ, నా వెనక ఏం పెరుగుతోందో చూసినవాడు లేడు.

మూడో ఏడు గవరయ్య పోయిన రోజున, నా పూజ కోసం ఒక పక్క రోడ్డు కాసేపు ఆపేశారు. అత్తారింటి నుంచి పైడమ్మ కూతురు మంగ ఆటోలో వస్తోంది. పైడమ్మ ఫోను మోగింది.

"అమ్మా, మలుపు కాడ లైన్లో ఉన్నాం. బళ్ళు కదల్నేదు."

"కంగారు నేదులేయే. నువ్వొచ్చాకే కాయ కొడతాను" అంది పైడమ్మ.

ఓసి పిచ్చిదానా, ఇప్పుడే కొట్టి బళ్ళు వదలవే! నాకు నోరుంటేనా?

అంతలో మలుపు వైపునుంచి పెద్ద చప్పుడు. నేలంతా అదిరింది.

"ఎవడో గుద్దీసినట్టున్నాడు" అన్నారెవరో. "మన బ్రేకరు కాడ కాదులే."

పైడమ్మ మళ్ళీ ఫోను చేసింది. మోగుతూనే ఉంది. కాయ పారేసి పరుగెత్తింది. లైను చివరనున్న ఆటోని వెనకనుంచి వచ్చిన లారీ తొక్కేసింది. మంగ దక్కలేదు.

పదకొండో రోజు దాటాక ఆమె గునపంతో వచ్చింది. ఏడుస్తూ నన్ను పొడిచింది. పొడువమ్మా, పెళ్ళలు లేచేలా పొడువు అనుకున్నాను. నలుగురు పరుగున వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు.

"వద్దే పైడమ్మా! ఇది నేకపోతే మన పిల్లలు రోడ్డెలాగ దాటతారే?"

గునపం వాళ్ళే తీసుకెళ్ళారు. నా మీది గుంతను మట్టితో పూడ్చి, పైన మళ్ళీ పసుపు చల్లారు. అప్పటికే లైను బంకు దాటింది.